ఒక్క ప్రశ్న తక్కువ

మొదటి కేసులో నేను "ఎందుకు?" అని అడిగాను.
సాక్షి తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు.
ఆ తొమ్మిది నిమిషాల్లో నా కేసుని
మడతపెట్టి, ఇస్త్రీ చేసి, నా చేతికే ఇచ్చాడు.

ఆ సాయంత్రం దేరాలో, ఇద్రీస్ గారి ఆఫీసులో,
సూడాన్ ముసలాయన టీలో మూడో చెంచా పంచదార కలుపుతూ
"ఎందుకొచ్చావని చుట్టాన్ని అడుగు,
సాక్షిని అడక్కు" అన్నాడు.
నా కాగితాలన్నీ లాక్కుని
నెల రోజులు ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టాడు.
ఆయన టీ గ్లాసే సాక్షి.
"మీరు గ్లాసు?" "మీలో టీ ఉంది?" "వేడిగా ఉంది?"
ప్రశ్నకొక్క నిజం. రెండు పెడితే
చెంచాతో బల్ల మీద కొట్టేవాడు.
మొదట్లో నవ్వొచ్చేది.

తర్వాత వచ్చాడు ఏదునూరి మొండయ్య,
మెట్‌పల్లి అవతలి మనిషి,
పదిహేడేళ్లుగా స్కఫోల్డింగ్ పని,
ఎడమ కాలు రెండు చోట్ల విరిగి అతుక్కుంది.
"ఎన్ని గంటలకు పడ్డారు?" అంటే
తెల్లారి క్యాంపులో నల్లా రాకపోవడం దగ్గర మొదలుపెట్టేవాడు.
"అడిగినంతే చెప్పండి."
"గట్లయితే అది సగం అబద్ధమైతది గద మేడం."
దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

వాంగ్మూలం రికార్డు చేసే రోజు
"పలక జరంత ఊగింది" అన్నాడు.
గుంటూరు అనువాదకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
జరంత అంటే ఎంత?
మొండయ్య రెండు వేళ్లు చూపించాడు.
గదిలో అందరం చూశాం.
కాగితానికి కళ్లుండవు.
"సాక్షి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
రెండంగుళాల ఎడం చూపించారు" అన్నాను పైకి.
అది పద్నాలుగో పేజీలో ఉంది.
ఆ ఏడాది నేను పలికిన వాటిలో
నాకు నచ్చిన వాక్యం అదొక్కటే.

భోజనాల వేళ మెట్ల మీద అడిగాను,
అంత ఎత్తున ఎట్లా నడుస్తారని.
"ముందుగాల కాలు పెట్ట. చెయ్యి పెడత.
అదిమి చూసినంకనే బరువిస్త.
కట్టనిదాని మీద ఉరికితే మొగోడనరు మేడం, పీనుగంటరు."
డబ్బా మూతకంటిన పచ్చడి వేలితో తీస్తూ చెప్పాడు.

విచారణ. గాజు మేడలో నాలుగో అంతస్తు,
ఏసీ చలికి గౌను కింద స్వెటరు.
ఎదుట కంపెనీ సేఫ్టీ మేనేజరు, నున్నగా గీసిన గడ్డం.

పచ్చ ట్యాగు మీద సంతకం మీదే?
అవును.
తేదీ కూడా మీరే వేశారు?
అవును.
పలకలన్నీ స్వయంగా తొక్కి చూశాకే సంతకం పెడతారు?
తప్పకుండా.
ఆ రోజు శుక్రవారం?
అయి ఉండొచ్చు.
క్యాలెండరు చూపించాను. శుక్రవారమే.
ఇది గేటు రిజిస్టరు. ఆ రోజు పేజీలో
మీ పేరు ఎక్కడుందో చదవండి.

వెతికాడు. పేజీ తిప్పాడు.
మళ్లీ వెనక్కి తిప్పాడు.

నా నాలుక చివర "ఎందుకు" వచ్చి నిలబడింది,
పెళ్లి పంక్తిలో చోటు దొరకని పిల్లాడిలా
కాళ్లు మార్చుకుంటూ.

కూర్చున్నాను.

కుర్చీ కిర్రుమంది.
జడ్జి గారు కళ్లెత్తి,
నేను మింగిన మాట తానే అడిగారు.
మేనేజరు మంచినీళ్లు కావాలన్నాడు.

సాయంత్రం అబ్రాలో క్రీక్ దాటుతున్నాం,
డీజిలు వాసన, మొండయ్య ఒళ్లో చేతికర్ర.
"గెలిచినమా?"
"తీర్పు వచ్చే నెల."
కాసేపు నీళ్లకేసి చూశాడు.
"వాళ్ల వకీలు పొద్దంత మాట్లాడిండు.
నువ్వు గింతే మాట్లాడితివి.
ఫీజు పూరా ఇస్తరా మరి?"

పడవ కుర్రాడు చెయ్యి చాపాడు.
నేను సంచి వెతుక్కునేలోపు
ఇద్దరి దిర్హాములూ ఆయనే ఇచ్చేశాడు.