తడి పలక

అక్కడ కొండ నిటారుగా ఉంటుంది,
గోడకు ఆనించిన నిచ్చెనలా.
కింద మోజెల్ నది
ఎవరూ ఎదురుచూడనట్టు మెలికలు తిరుగుతూ పోతుంది.
ద్రాక్షతీగల మధ్య నేలంతా పలకరాయి.
ఒక తరం బడిపిల్లలంతా అలిగి పగలగొట్టినట్టు
నల్లటి ముక్కలు, కాలు మోపితే గలగల.
పగలంతా ఎండను మింగి
రాత్రి తీగల పాదాలకు కాపడం పెడతాయి.

వెండెలిన్ నలభై ఏళ్ళు ఆ కొండ ఎక్కాడు, దిగాడు.
కిందటి చలికాలం జ్వరం వచ్చింది.
పోతూ పోతూ
ముక్కులోని వాసనలన్నీ మూట కట్టుకుపోయింది.
కాఫీ ఉత్త వేడినీళ్ళు. సబ్బు ఉత్త జారుడు.
భార్య మెడ...
డాక్టరుకు చెబుతూ అక్కడ ఆగిపోయాడు.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.
వైన్ చేసేవాడికి ముక్కు పోయిందంటే
కంసాలికి చూపు పోయినట్టే.

మే నెల, శనివారం.
నేలమాళిగలో మొదటి పీపా బిరడా తీసి
గాజు గొట్టంతో తోడి పోసింది ట్రౌడెల్.
రీస్లింగ్. తీపి చుక్క మిగలకుండా పులిసింది.
నిలువెల్లా తడిగా ఉన్నదాన్ని
'పొడి' వైన్ అంటారు వాళ్ళు.

"చెప్పు" అన్నాడు.
సీసా చీటీల మీది పూలూ తేనెలూ
ఆమె నోట పలకవు.
ఆమెకు వచ్చిన భాష వంటిల్లే.
"తెల్ల ఆస్పరాగస్ అడుగుతోంది ఇది.
వెన్న పలచగా. కొత్త బంగాళాదుంపలు, తొక్కతోనే."
అతను పుక్కిలించాడు.
నాలుక అంచులు రెండూ జివ్వుమన్నాయి.
"ఇంకా?"
"పొగబెట్టిన ట్రౌట్ చేప.
మీ హెడ్విగ్ అత్త చేసే చెక్కముక్క కాదు,
వేలు తగిలితే పొరలు విడిపోయేది."
"మేకపాల చీజ్?"
"నిన్నటిదైతే సరే. ముదిరిందైతే రెండూ జుట్లు పట్టుకుంటాయి."
"పంది కాలు?"
"పాపం, బక్కపిల్ల. మోయలేదు."

నవ్వాడు. జ్వరం తర్వాత మొదటిసారి.

రెండో పీపా.
గ్లాసు ముక్కు దాకా తెచ్చి
ఆమె ఊరుకుంది.
పైన కుళాయి చుక్కలు లెక్కపెట్టేంత సేపు.
"ఏమైంది?"
"దీనికి ఏ వంటా తోచడం లేదు."
"గుడ్లా?"
"ఉడకబెట్టి వారం మరిచిపోయినవి."
అతను పీపా పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు,
కడుపునొప్పి పిల్లాడిని చూసినట్టు.
"ఊపిరాడక. అంతే. వేరే పీపాలోకి మారుద్దాం,
గాలి తగిలేట్టు, పైనుంచి దూకిస్తూ.
చాలకపోతే రాగి ఉందిగా."
ముక్కు ఆమెది. మందు అతనిది.
సాయంత్రం దాకా పంపు కొట్టారు.

రాత్రి భోజనానికి ఆస్పరాగస్ చెక్కు తీశాడు,
పీచెక్కడుందో వేళ్ళకు తెలుసు.
మొదటి పీపాలోది పోసుకున్నారు.
నములుతూ అడిగాడు:
"వంటలన్నీ చెప్పావు. దాని వాసన చెప్పలేదు."

ఆమె చాలాసేపు కిటికీలోంచి కొండను చూసింది.
"ఒకటో తరగతిలో, స్పాంజి మరిచిపోయిన రోజు,
టీచరు చూడకుండా
ఉమ్మి పెట్టి పలక తుడిచేవాళ్ళం చూడు..."

అతను లేచి గుమ్మం బయటికెళ్ళాడు.
అరచేతంత పలకరాయి ముక్క తెచ్చి
దాని మీద ఉమ్మాడు,
చొక్కా చేతితో తుడిచాడు,
కళ్ళు మూసుకుని ముక్కుకు ఆనించుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.

వచ్చిందో రాలేదో
ఆమె అడగలేదు.
అతని గ్లాసు మళ్ళీ నింపింది.