ఆరు పేర్లు

మా ఉరుకుందు నిద్ర మరిచి పదకొండో రోజు.
నోట్లో ఏమీ లేకుండానే నములుతాడు.
కుడిచెయ్యి ఒకటే తిరుగుతుంది,
కనపడని దారమేదో వడుకుతున్నట్టు.
దూడను పట్టుకుని "అక్కా" అన్నాడు,
వాళ్ళక్క దగ్గరికొస్తే గోడకు అతుక్కుపోయినాడు.

గాలి సోకిందన్నారు.
వాళ్ళ నాయన తాయెత్తు కట్టించుకొచ్చినాడు.
తాయెత్తు మెడలో ఉండగానే ఫిట్సు.

తెల్లారి తుగ్గలిలో మొదటి బస్సు,
పొద్దెక్కినాక కర్నూలు పెద్దాసుపత్రి.

వెన్నులో నుంచి నీళ్ళు తీయాలన్నారు.
వెన్నులో నీళ్ళుంటాయని నాకు ఆ రోజే తెలిసింది.
మోకాళ్ళు గడ్డానికి ఆనించి
కడుపులో ఉన్నప్పటి లాగా ముడిచి పట్టుకున్నా.
బొట్టు, బొట్టు.
ఎంత తేట! మా బోరు నీళ్ళు ఇంత తేటగా ఎప్పుడూ రాలేదు.
వీటిలో ఏం తప్పుంటుంది?

"మీ చేన్లో కావలి ఉంటారా?" అంది డాక్టర్ తస్లీమ్.
ఉంటాడు. పందుల బాధకు. మంచె మీద మా మామ, చేతిలో వడిసెల.
"ఆయనకు చీకట్లో మీ దూడే పందిలాగా కనపడితే?"
నేను మాట్లాడలేదు.
"పిల్లోడి ఒంట్లో కావలివాళ్ళు మెదడు మీదికి రాళ్ళు విసురుతున్నారని నా అనుమానం.
ఆ రాళ్ళనే యాంటీబాడీలంటాం.
ఏ రాయో తెలుసుకునేదానికి ఈ టెస్టు."

రక్తం ఒక గొట్టం, వెన్ను నీరు ఒక గొట్టం
ఐసుడబ్బాలో బెంగుళూరికి పోయినాయి.
వాటి వెనకాలే నా కమ్మలు, కుదువకు.
పది రోజులు పడుతుందన్నారు.
"అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చోం" అని
ఆ సాయంత్రమే సీసా ఎక్కించింది డాక్టరమ్మ.
రోజుకొకటి, ఐదు సీసాలు.

కాగితం వచ్చింది.
నెగెటివ్.
ఆ మాట నాకు కరోనాలోనే తెలుసు,
నెగెటివ్ అంటే ఇంటికి పొమ్మని.
గేటు బయటికి ఉరికి డజను బన్నులు తెచ్చి
వార్డంతా పంచినా.

డాక్టరమ్మ బన్ను తీసుకుంది గానీ కొరకలేదు.
కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.
"ఆరు పేర్లు పట్టుకుని వెతికినారమ్మా. ఆ ఆరూ దొరకలేదు.
ఏడోది ఉండొచ్చు.
ఇంకా ఎవరూ పేరు పెట్టనిది ఉండొచ్చు.
ఒకవేళ రక్తంలో ఏదో కాస్త మెరిసిందనుకో,
అప్పుడైనా ఇదే జబ్బని గబుక్కున అనలేను.
ముందు పిల్లోన్ని చూస్తా. కాగితం ఆ తర్వాత."

వార్డులో అందరికీ వినపడేట్టు ఏడ్చి,
కొంగుతో ముక్కు తుడుచుకుంటా ఉంటే తట్టింది నాకు.
తొలకరి పడంగానే జొన్నగిరి చేలల్లో
నేల మీద కళ్ళు పెట్టి వంగి నడిచేదాన్ని నేను,
పదహారేండ్లుగా, ఒక్క వజ్రం కోసం.
ఉత్తచేతుల్తో ఇల్లు చేరిన ఏ సాయంత్రమూ
ఆ చేన్లో వజ్రం లేదని నేననలేదు.
నేను చూడలేదు అనుకున్నా, అంతే.
మెరిసిందని పలుగురాయిని కొంగున ముడేసుకుని
గుత్తికి పోయి, సేటు ముందర విప్పి
నవ్వులపాలైనదాన్ని కూడా నేనే.
ఈ సంగతి ఒకరు నాకు చెప్పాల్నా?

"అయితే మందు ఆపుతారా తల్లీ?"
"ఆపను. వాడేం చెప్తాడో వింటా."
అప్పుడు కొరికింది బన్ను.

ఇంకో నాలుగు రాత్రులకు
నమలడం ఆగింది.
నోరు తెరుచుకుని నిద్రపోయినాడు.
ఊపిరికి అడ్డంగా వేలు పెట్టి చూస్తా నేను పడుకోలేదు.
పొద్దున ఉగ్గాని పొట్లం విప్పితే
లోపలికి తొంగి చూసి
"బజ్జి యాడ?" అన్నాడు.

వాళ్ళక్క పేరు మాత్రం ఇంకా రాలేదు.
పాప మంచం పక్కనే నిలబడి ఉంది, రెండు జడలేసుకుని.
పెదవి దాకా వస్తుంది, లోపలికి పోతుంది.
వాళ్ళ నాయన అందియ్యబోతే
చెయ్యి పట్టుకుని ఆపినా.
వెతుక్కుంటున్నాడు.
వెతుక్కోనీ.