గడ్డ

సిరొంచ దవాఖానలో నా బల్ల మీద
రెండు వందల పన్నెండో గాజుపలక.
జాడి ఎంకుబాయి, నలభై ఆరు, మిరప కూలి.
గర్భసంచి మూతి నుంచి గీరిన తడి.

డాక్టరమ్మ మరాఠీలో "గాఠ్" అంది.
ఎంకుబాయి నా వంక చూసింది.
"గడ్డ" అన్నాను.
"ఏ గడ్డ బిడ్డా? ప్రాణహిత గడ్డా?"
నవ్వింది కూడా.

అద్దంలో ముందు కణాలు,
జాతర తొక్కిసలాటలా ఒకదానిమీదొకటి.
వాటి నడుమ నీలం రంగు తాగి
ఒక దారప్పోగు. ఒంటికి తొడుగు, తోక కొస ఖాళీ.

దీన్ని నేనెరుగుదును.
పదేళ్ల కింద రాత్రి తొమ్మిది దాటాక
టార్చిలైటుతో వాడవాడా తిరిగి
వేళ్లు పొడిచి వెతికింది దీన్నే.
మనిషి పండుకున్నాకే నెత్తుట్లోకి వస్తుంది.
ఎంకుబాయి వేలు కూడా పట్టానేమో, గుర్తు లేదు.
గోలీలిచ్చాం. మింగితే తల తిరుగుతదని,
తిరిగితే కూలి పోతదని
కొంగున ముడేసుకున్నవాళ్లే ఎక్కువ.

పురుగు గడ్డను తెచ్చిందా?
గడ్డ చిట్లించిన నెత్తుటి దారిలో
పురుగే వచ్చి చిక్కుకుందా?
పుస్తకానికీ తెలియదు.
ఒకే ఇంట్లో ఇద్దరు కిరాయిదార్లు,
ఒకరినొకరు ఎరుగుదురో లేదో.
ఇంటావిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

రిపోర్టులో రెండూ రాశాను, రెండు వరసల్లో.
నడుమ "వల్ల" అన్న మాట పెట్టలేదు.

బయట బెంచీ మీద ఎంకుబాయి
చంద్రాపూర్ బస్సు ఎన్ని గంటలకని అడుగుతోంది,
మిరప ఘాటు వదలని చేతులు
కళ్లకు తగలకుండా
దూరంగా పట్టుకుని.