రెండు వాషర్లు

రుంఫీ కొండల కింద
నాలుగేళ్లుగా మూగపోయిన చేతిపంపు.
దాతల పేర్ల పలక మాత్రం తళతళా.

టివోంగే ఏడో తరగతి
రెండుసార్లు మొదలెట్టింది.
రెండుసార్లూ నీళ్ల బకెట్టే అడ్డొచ్చింది.
మూడోసారి, బిడ్డను వీపున కట్టుకుని
రాత్రిబడిలో కూర్చుంది.

పంపు పుస్తకంలో బొమ్మలు అందరూ చూసినవే.
బొమ్మ కింది చీమల్లాంటి అక్షరాలు
ఆమే చదివింది:
ఏడాదికోసారి వాషరు మార్చాలి.

ఇంతోటి వాక్యానికా
ఊరంతా వాగుదాకా నడిచింది!

ఇప్పుడు ఇంటికిన్ని క్వాచాలని
ఆమె నోటుబుక్కులో లెక్క.
ఒలికిన నీళ్లకు ఆవాకు మడి,
శనివారం సంతలో కట్టలు.

రాజధాని అధికారి కాగితం చాచాడు:
పంపు స్థితి?
"నడుస్తోంది" అని రాసింది.
పెన్ను తిరిగివ్వబోయి, ఆగి,
కింద ఇంకో వరుస:
"వాషర్లు రెండే మిగిలాయి."