ముప్పై మైక్రాన్లు

రాళ్ళ సెక్షన్లు కోసేవాణ్ణి నేను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే గది, ఇదే కోతచక్రం,
కిటికీలో కైలాసగిరి, గోళ్ళలో కార్బొరండం పొడి.
రాయిని అద్దానికి అంటించి అరగదీస్తాను
వెలుతురు దాన్ని దాటి అవతలికి నడిచేదాకా.
ముప్పై మైక్రాన్లు. వెంట్రుకలో సగం కూడా కాదు.
ఎక్కడ ఆపాలో నా వేలికి తెలుసు.

పాడేరు పైనుంచి కిల్లో సుక్ర తెచ్చిన రాయి అది.
రంగురాళ్ళ గోతిలో దొరికింది, ఎవరూ కొనలేదట.
"మావోళ్ళు తేనెపిట్టకన్ను అంటారు సారూ" అన్నాడు.
నేను సారుని కాదన్నా వినలేదు.

సుధేష్ణ మేడం ఆ పూటంతా
మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు.
నల్లరాతి నడుమ మూడు గింజలు.
బల్ల తిప్పితే ఊదా, ఇంకాస్త తిప్పితే తేనెరంగు.
ఏ పుస్తకంలోనూ లేదు.

ఖనిజానికి బారసాల
చెవిలో మూడుసార్లు చెబితే అయిపోదు.
ఏ మూలకం ఎంతుందో చెప్పాలి,
పరమాణువులు ఏ వరసలో కూచున్నాయో చూపాలి.
కనిపెట్టినవాళ్ళు తమ పేరు పెట్టుకోకూడదు.
బతికున్నవాళ్ళ పేరైతే వాళ్ళు ఒప్పుకోవాలి.
మేడం అడిగితే సుక్ర నవ్వాడు:
"నా పేరేటికి? దానికి పేరుంది గదా."
ఎక్కడెక్కడి దేశాల పెద్దలో ఓట్లెయ్యాలి.
ఆపైన ఒక గింజ మ్యూజియంలో ఉండాలి, ఎప్పటికీ,
నమ్మనివాడు వచ్చి చూసుకోడానికి.

మొదటిది సూదితో తీస్తుంటే పగిలింది.
రెండోదాన్ని పొడి చేసి ఎక్స్‌రేకి ఇచ్చారు.
మూడోది నా చేతికొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఏమీ జరగలేదు.
కరెంటు పోలేదు, ఫోను మోగలేదు.
వేలు ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది.
ఎత్తి చూస్తే
గింజ ఉండాల్సినచోట గుండ్రంగా ఆకాశం.

బూడిదరంగు నీళ్ళు అప్పటికే సింకు దాటాయి.
మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఏడు నెలలకి జవాబొచ్చింది:
కొలతలు బాగున్నాయి, వస్తువేదీ?
మా రిజిస్టరులో అది ఇప్పటికీ
"పేరు లేనిది, 7".

సాయంత్రాలు జోడుగుళ్ళపాలెం ఒడ్డున నడుస్తాను.
అల వెనక్కి లాగినప్పుడల్లా నల్లిసుక చారలు.
ఇల్మెనైటు, గార్నెట్టు, మోనజైటు,
అన్నీ ఓట్లు పడ్డ పేర్లలాగే ధీమాగా మెరుస్తాయి.
వంగి గుప్పెడు తీసి వేలితో రుద్దుతాను,
దానికేదో ఇంకా తెలుసన్నట్టు.

"తేనెపిట్టకన్నూ" అని పిలుస్తాను మెల్లగా,
వల కుట్టుకుంటున్న మనిషి
తలెత్తి, ఎవర్నీ అన్నట్టు
నా వెనక చూసేదాకా.