చారల గుడ్డ

ఆ ఊరి పేరు నా నోట సరిగా పలకదు.
మూడు అక్షరాలే, మధ్యలోది మింగేయాలట.
ఒరగడం ఫ్యాక్టరీలో మూడేళ్ళు
ఇనుప రేకుల అంచులు వేలితో తడిమి
తప్పెక్కడుందో చెప్పిన కుసునోకి గారు
వెళ్ళిపోయే ముందు ఆదివారం
నన్ను, తన దుబాసీని, సెలవుపూట పిలిచి
కాగితం మీద ఒక్క మాట రాశారు:
సాన్తోమె.

"మా ఊళ్ళో ఇది గుడ్డ పేరు. మీ దగ్గర?"
మా దగ్గర బస్ స్టాపు, అన్నాను.

అడయారు వంతెన మీద కారు ఇరుక్కున్నంతసేపూ
ఊరంతా తిప్పి చూపించారు:
నిప్పుకు భయపడి నల్లసున్నం మెత్తిన
మందపాటి గోడల కొట్లు,
రోజుకు నాలుగుసార్లు మోగే చెక్కగోపురం గంట,
గంట ఆలస్యమైతే పరుగెత్తుకెళ్ళి అడిగే మంగలి,
కాల్చిన చిలగడదుంప వాసనేసే సందు,
సందు చివర ఒకే ఒక్క మగ్గం,
మగ్గం ముందు ఎనభై రెండేళ్ళ ముసలాయన.
ఆయన నేసేది మాత్రం ఆ ఊరిది కాదు.
ఎప్పుడో డచ్చి ఓడల్లో దిగిన చారల గుడ్డ.
తాతలు దాన్ని విప్పి, పోగు పోగూ లెక్కపెట్టి
నేర్చుకున్నారట.
ఏ రేవు దాటి వచ్చిందో ఆ రేవు పేరే ఉంచారట.
నీలం మీద సన్నటి ఎరుపు.
పాత ముక్క మ్యూజియంలో ఉంది,
దీపం కూడా మసగ్గానే పెడతారు,
రంగు నిద్ర చెడకుండా.

సాంతోంలో దిగాం.
చర్చి తెల్లగా ఉంది. ఎండ అంతకన్నా తెల్లగా ఉంది.
నొచ్చికుప్పం చేపగంపల మధ్య
నడుం వంచి చారలు వెతికారాయన:
గొడుగు, ప్లాస్టిక్ పట్టా,
వల బాగుచేసుకుంటున్న అతని లుంగీ.
లుంగీ దగ్గర ఆగి భూతద్దం తీశారు.
అతను వల వదిలి లేచాడు.
తమిళంలో ఏం చెప్పను?
నీ లుంగీ ఈయన ఊరికి చుట్టం, అన్నాను.
"చుట్టమైతే చేప కొనమను."

కొన్నారు. వంజరం, కిలో.

ఆ సంచితోనే చింతాద్రిపేట, మా ఇంటికి.
చిన్న తరి పేట. తరి అంటే మగ్గం.
ఇన్నేళ్ళూ అడ్రసులో రాస్తూనే ఉన్నాను,
ఆయనకు విడదీసి చెబుతుంటే
నాకే వినబడింది.
మగ్గాలేవీ, అని ఆయన అడగలేదు.
బేరింగుల కొట్లు, పెళ్ళిపత్రికల కొట్లు దాటుకుంటూ వచ్చాం.
తాత మిగిల్చిన నాడె ఒకటుంది,
కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెడతాం.
ఆయన రెండు చేతులా దాన్ని అందుకున్నారు.
కిటికీ ఠప్పున మూసుకుంది.

అమ్మ చేప వేయించింది.
ముళ్ళు తీసుకుంటూ ఎవరూ మాట్లాడలేదు,
నాకు పని తప్పింది.

జూన్‌లో కవరొచ్చింది.
జానెడు గుడ్డ, నీలం మీద సన్నటి ఎరుపు.
ఫ్రేము కట్టించాలని కొలతలు రాసుకుని ఆఫీసుకెళ్ళాను.
సాయంత్రం వచ్చేసరికి
అమ్మ, సాలెల ఆడపడుచు,
దాన్ని ఉప్పునీళ్ళలో నానేసి, పిండి,
గాజుగిన్నె ట్యూబ్‌లైటు కిందికెత్తి చూస్తోంది.
"రంగు దిగలేదే," అంది అనుమానంగా,
"మనది కాదేమో."