ఖాళీ కొక్కెం

మున్సిపాలిటీ ఆమె మళ్ళీ వచ్చింది,
చంకలో కాగితాలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.
"పదకొండు నిమిషాలు, ఎలాదియో.
మీ మ్యూజియంలో మనిషి నిలిచేది సగటున అంతే.
పక్క లోయలో చీజ్ మ్యూజియానికి నలభై!"

చీజ్‌కి వాసనుంది. నేనేం చెయ్యను?
అస్తూరియాస్ కొండల్లో మూతపడ్డ బొగ్గు గని మాది.
తుప్పు పట్టిన లిఫ్టు, ముప్పయ్యొక్క దీపాలు,
నేను.

చెప్పినవన్నీ చేశాను.
బయటికి దారి తొందరగా దొరక్కుండా
బాణం గుర్తుల్ని మెలికలు తిప్పాను.
కుర్చీలు వేశాను, కాఫీ మిషను పెట్టాను.
పాతాళంలో బళ్ళు లాగిన ముసలి గుర్రం బొమ్మకి
బటన్ నొక్కితే సకిలించే ఏర్పాటు.
పిల్లలు రెండుసార్లు నొక్కుతారు,
మూడోసారికి తల్లి రెక్క పట్టుకుని లాక్కుపోతుంది.
ఒక చుట్టు, ఒక ఫోటో, ఒక "పాపం".
బస్సు.

నవ్వొస్తుంది నాకు.
ముప్పై నాలుగేళ్ళు దీపాల గదిలో నా కొలువు.
దిగేవాడు కొక్కెం నుంచి తన ఇత్తడి బిళ్ళ తీసుకుంటాడు,
ఎక్కొచ్చి మళ్ళీ తగిలిస్తాడు.
ఖాళీ కొక్కెం అంటే
భూమి కింద ఇంకా ఒక ఊపిరి.
బోర్డు నిండిన రాత్రి సిడర్ సీసా నెత్తి పైకెత్తి
గ్లాసులోకి ధారగా వంచుకునేవాళ్ళం.
నిండని రాత్రి కొక్కేలతో మాట్లాడేవాణ్ణి:
రా నాయనా, రా, పెందరాళే వచ్చెయ్.

అదే నోటితో ఇప్పుడు
కాసేపు లోపలే ఉండండి అనాలి.
నోరు తిరగదు.

నూట పద్ధెనిమిది గురించి ఎవరికీ చెప్పను.
అడిగితే బిళ్ళ పోయిందంటాను.
లూదివీనా ఇప్పటికీ ఈ గోడ పక్కగా నడవదు,
చేపల కొట్టు చుట్టూ తిరిగి చర్చికి పోతుంది.

మార్చిలో, వాన రోజు, ఏం తోచిందో,
టికెట్టుకి బదులు బిళ్ళ చేతిలో పెట్టాను.
"పోయేటప్పుడు మీరే తగిలించాలి."
అంతే అన్నాను.

ఇత్తడి మొదట చల్లగా ఉంటుంది.
గుప్పిట్లో మెల్లగా వేడెక్కుతుంది.
అప్పుడు విప్పి చూస్తారు,
అరిగిన అంచు, ఎవరిదో బొటనవేలు చేసిన గుంట.
"ఇది ఎవరిది?"

ఆ మాట విన్నాక నేను గడియారం చూడలేదు.
ఒకాయన నలభై ఏడు పట్టుకుని
దీపాల ముందు ఊరికే నిలబడ్డాడు,
బస్సు రెండుసార్లు హారన్ కొట్టినా.
ఒకమ్మాయి తగిలించింది, తీసింది,
మళ్ళీ తగిలించి, వేలితో ఊగకుండా ఆపింది.

మున్సిపాలిటీ ఆమె కేకు తెచ్చింది.
ముప్పయ్యారట.

నిన్న, తలుపు వేసే వేళకి,
అరవై రెండు లేదు.
తెలుసు, ఎవరి జేబులోనో మర్చిపోయి ఉంటారు.
తెలుసు, పోయింది ఇత్తడి ముక్కే.
తాళంచెవి పట్టుకున్న చెయ్యికి తెలియలేదు.
దీపం వెలిగించి మూడు గదులూ వెతికాను,
కాఫీ మిషను వెనక, లిఫ్టు కింద.
"ఎవరైనా ఉన్నారా?"
మోచెయ్యి తగిలి గుర్రం సకిలించింది.
గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను.

పదిన్నరకి కొండ మలుపులో కారు లైట్లు.
ఒగురుస్తూ వచ్చాడు కుర్రాడు, బిళ్ళ ముందుకు చాపి.
"క్షమించండి, హిహోన్ దాకా పోయాక చూసుకున్నా.
తాళం వేసేసి ఉంటారనుకున్నా."
"లోపల మనిషుండగా ఎలా వేస్తాను?"

తగిలించాడు. చిన్న మోత.
నేను లేచి లైటు ఆర్పబోతుంటే
బోర్డు వైపే చూస్తూ ఆగాడు.
"ఇక్కడ ఇంకొకటి ఖాళీగా ఉందే?"

చాలాసేపు స్విచ్చి మీదే ఉంది నా వేలు.
తర్వాత,
గోడ పక్కనున్న రెండో కుర్చీ లాగాను.